గండి పడ్డ కట్ట: నున్న చెరువు పని డైరీ

2025 ఫిబ్రవరి 9, ఆదివారం

బాబాయి మామిడి తోట విజయవాడ పక్కనున్న నున్న ఊరు దాటాక, నేల కాస్త వాలుగా ఉండే చోట ఉంది. తోట దిగువన ఒక చెరువు. చెరువంటే మరీ పెద్దగా ఊహించుకోవద్దు. నలభై మీటర్ల పొడవు, ముప్ఫై మీటర్ల వెడల్పు, నిండితే మనిషి లోతు. మూడు వైపులా నేలే ఒడ్డు, దిగువ వైపు మాత్రం 50 మీటర్ల మట్టి కట్ట. 2024 ఆగస్టు ఆఖరి రాత్రి వానకి ఆ కట్టకి గండి పడింది. మర్నాటికి విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధే చెరువైంది. బుడమేరు వాగు నీళ్ళు ఇంట్లోకి వచ్చి రోజుల తరబడి కదల్లేదు. తోట సంగతి అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఇవాళ తీరిగ్గా చూశాను. గండి వెడల్పు పైన 8 మీటర్లు, కింద 5. కట్టలో పెట్టిన ఆరంగుళాల పీవీసీ పైపు, రెండో వైపు మట్టిలోంచి ఏనుగు తొండంలా వేలాడుతోంది. బాబాయి లెక్క ఏమిటంటే, "నీళ్ళు పైనుంచి పొర్లి కోసేశాయిరా, ఇంకో రెండడుగులు ఎత్తు పోసేద్దాం. ముప్ఫై ట్రాక్టర్లు తోలిస్తే అయిపోతుంది."

నాకు అలా అనిపించలేదు. పైనుంచి పొర్లితే కట్ట మీది గడ్డి మొత్తం దిగువకి పడుకుని ఉండాలి, వెనక వాలంతా చారలు పడాలి. గండికి అటూ ఇటూ గడ్డి నిటారుగానే ఉంది. నీళ్ళు పైపు వెంబడే దారి చేసుకున్నాయి. పైపు గుండ్రంగా ఉంటుంది, దాని కడుపు కింద మట్టిని ఎవరూ కుదించి కొట్టలేరు. ఆ సందులోంచి సన్నగా మొదలైన ఊట రోజూ చెంచాడు మట్టి మోసుకుపోయి, ఒక రాత్రి పెద్ద బొరియ అయిపోయింది.

నేను ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్‌ని. మట్టి పని నా పని కాదు. కానీ ఎక్కడ కారుతుందో వెతకడం మాత్రం అలవాటే.

ఫిబ్రవరి 16

టేపు, మట్టం చూసే నీళ్ళ ట్యూబు, నాలుగు మేకులు పట్టుకుని వెళ్ళాను. గండిలో మాత్రమే మట్టి పోస్తే అతుకు పెట్టిన చొక్కాలా ఉంటుంది, కొత్త మట్టికీ పాత మట్టికీ మధ్య నిలువు సందు మిగిలిపోతుంది. కాబట్టి రెండు పక్కలా వదులైన మట్టిని కూడా తీసేసి, పాత కట్టని మెట్లు మెట్లుగా వాలుగా చెక్కి, మొత్తం 18 మీటర్లు కొత్తగా కట్టాలి.

ఎత్తు 2 మీటర్లు. పైన వెడల్పు రెండున్నర మీటర్లు. రెండు వైపులా వాలు ఒకటికి రెండు, అంటే మీటరు ఎత్తుకి రెండు మీటర్లు బయటికి. అప్పుడు కింద వెడల్పు పదిన్నర మీటర్లు. కాగితం మీద ఈ అంకె చూసి బాబాయి నవ్వాడు. "రెండు మీటర్ల కట్టకి పదిన్నర మీటర్ల పాదమా? ఎవడ్రా నీకు చెప్పింది?" పాత కట్ట అడుగు కొలిస్తే ఆరు మీటర్లు కూడా లేదు.

లెక్క వేస్తే 234 ఘనపు మీటర్లు, అదీ కుదించి కొట్టిన తర్వాత. వదులు మట్టి దానికి పావు వంతు ఎక్కువ కావాలి. ట్రాక్టర్ ట్రక్కుకి ఒక యూనిట్, అంటే వంద ఘనపుటడుగులు. పునాది కందకంతో కలిపి 115 ట్రిప్పుల దాకా తేలింది. బాబాయి నవ్వు ఆపేశాడు.

ఫిబ్రవరి 23

మేస్త్రి దొరికాడు. డెబ్బై దాటిన మనిషి, రాతి తాపడం, అంటే కట్ట వాలుకి రాళ్ళు పేర్చే పని తెలిసినవాడు. వాళ్ళ నాన్న సాగర్ డ్యామ్ దగ్గర రాళ్ళు మోశాడట. నాగార్జునసాగర్ అనగానే నాకు మధ్యలో ఉన్న రాతి గోడే గుర్తొస్తుంది. మేస్త్రి అన్నాడు, "బాబూ, ఫొటోలో పడేది రాతి డ్యామే. దానికి రెండు పక్కలా ఉన్నది మట్టి కట్టే. నువ్వు బస్సులో దాని మీదుగా వెళ్ళినా నీకు తెలీదు." నిజమే. దాదాపు ఐదు కిలోమీటర్ల పొడవులో రాతి భాగం సుమారు 1,450 మీటర్లు, మిగతాదంతా మట్టి. 1955లో మొదలుపెట్టి 1967కి పూర్తి చేసిన పని. నీరు పొర్లే చోట రాయి, పొర్లని చోట మట్టి. మట్టి మీదుగా నీళ్ళు పోకూడదు, అంతే తేడా.

ఆయన గండి చూసి మొదట అడిగింది కట్ట ఎత్తు గురించి కాదు. "అలుగు ఎక్కడ?" అన్నాడు. అలుగంటే ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే దారి. అది లేదు. ఎక్కువైన నీళ్ళకి ఆ ఆరంగుళాల పైపే దిక్కు. ఆయన బాబాయి వైపు చూసిన చూపు నేను రాయలేను.

మార్చి 2

ఇవాళ తోటకి పోలేదు. స్కూటర్ మీద ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి కరకట్ట దాకా తిరిగి వచ్చాను. చిన్నప్పటి నుంచీ ఆ కట్ట మీద ఎన్నిసార్లు వెళ్ళానో, అది రోడ్డు కాదు, కృష్ణ వరదని ఆపే మట్టి కట్ట అని ఒక్కసారీ అనుకోలేదు. బ్యారేజీ ఉన్న చోట 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952 వరదకి తెగింది. ఇప్పుడున్న బ్యారేజీ 1957 నాటిది. 2024 సెప్టెంబరు మొదట్లో దాని మీదుగా 11 లక్షల క్యూసెక్కుల పైన నీరు పోయింది. అంత నీరు పోతున్నప్పుడు పక్కన ఊళ్ళని కాసేది ఎక్కువ చోట్ల కరకట్టలే, అంటే మట్టే.

ఒకసారి దృష్టి అటు పడ్డాక ఊరంతా కట్టలే కనిపిస్తున్నాయి. రైలు పట్టాల కింద కట్ట. ఏలూరు కాలువ గట్లు. ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ స్టేషన్ బూడిద నీళ్ళని పట్టి ఉంచే చెరువు కట్టలు. కైకలూరు వెళ్తుంటే చేపల చెరువుల గట్లు, చదరాలు చదరాలుగా. కొల్లేరులో అలాంటి గట్లే ఎక్కువై సరస్సునే మింగేస్తున్నాయని 2006లో వాటిని యంత్రాలతో కొట్టేశారు. కట్ట వేయడం పనైతే, వేసిన కట్ట తీసేయడం కూడా ఒక ప్రాజెక్టే అయింది. పోలవరంలో కడుతున్న ప్రధాన డ్యామ్ కూడా మట్టీ రాయీ కలిపి పోసేదే, నడిమి భాగం బంకమట్టి. మాది దానికి మునిమనవరాలు అనుకోవచ్చు.

బుడమేరు గండ్లు పూడ్చిన తీరు కూడా మళ్ళీ గుర్తొచ్చింది. బుడమేరు డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకి మూడు గండ్లు పడితే, నీరు పారుతుండగానే పూడ్చాల్సి వచ్చింది. ముందు పెద్ద రాళ్ళు పోశారు. ఆర్మీ వాళ్ళు ఇనుప జాలీ బుట్టల్లో రాళ్ళు నింపి గోడలా పేర్చారు. సెప్టెంబరు 7కి మూడోది కూడా మూసుకుంది. టీవీలో చూస్తూ, రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు వస్తూనే ఉంటే "ఇదేం పూడ్చడం" అని తిట్టుకున్నాం. ఇప్పుడు అర్థమైంది. పారే నీళ్ళలో మట్టి పోస్తే సంచితో సహా కొట్టుకుపోతుంది. రాయి ప్రవాహానికి నిలబడుతుంది కానీ నీటిని ఆపలేదు. మట్టి నీటిని ఆపుతుంది కానీ ప్రవాహానికి నిలబడలేదు. ముందు రాయి వేగాన్ని విరిస్తే, తర్వాత దాని మీద మట్టి నిలుస్తుంది.

మార్చి 9, 16

మట్టి వెతుకులాట. రెండు ఆదివారాలు దీనికే పోయాయి, కానీ పోనివ్వాల్సిందే.

తోటలో ఎర్రమట్టి, గ్రావెల్ కలిసినది. దిగువన పక్క చేను నల్లరేగడి. పాత కట్ట మొత్తం రేగడే, దగ్గర్లో ఉందని అదే పోశారు. రేగడి నీళ్ళని తనలోంచి పోనివ్వదు, నిజమే. కానీ ఎండాకాలం అరచేయి దూరేంత బీటలు తీస్తుంది. ఆ బీటల్లోకి తొలకరి నీళ్ళు దూరితే ఇంకేముంది. గ్రావెల్ ఒక్కటే పోస్తే బీట తీయదు, కానీ జల్లెడలా కారుతుంది. కాబట్టి రెండూ కావాలి. మధ్యలో రేగడి గోడ, దానికి అటూ ఇటూ దుప్పటిలా ఎర్ర గ్రావెల్ మట్టి. లోపల ఉన్న రేగడికి ఎండ తగలదు, చెమ్మ పోదు, బీట తీయదు.

పరీక్షలకి ల్యాబు ఏమీ లేదు. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి ఒక రోజు వదిలేశాను. అడుగున ఇసుక, పైన ఒండ్రు, ఆ పైన బంకమట్టి పొరలుగా తేరుకున్నాయి. ఎర్రమట్టిలో సగానికి పైగా ఇసుకే. వాళ్ళమ్మ పచ్చడి సీసా తీసుకున్నందుకు మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

మార్చి 23

జేసీబీ వచ్చింది. గండి అడుగున నీళ్ళు పడి తవ్విన గుంట, అందులో నిండా బురద. మేస్త్రి గడ్డపార దింపి చూస్తూ "ఇంకా, ఇంకా" అంటూనే ఉన్నాడు. గట్టి నేల తగిలేసరికి ముక్కాలు మీటరు లోతు పోయింది. దాని మధ్యలో మళ్ళీ మీటరు లోతు, మీటరున్నర వెడల్పు కందకం, కట్ట పొడుగునా. దీన్నిండా రేగడి కొట్టాలి. కట్ట కింద నేలలోంచి నీళ్ళు దూరి రాకుండా ఇది అడ్డం. పంటి వేరు లాంటిది.

తవ్వకంలో ఒక తుమ్మ మొద్దు బయటపడింది. వేళ్ళు సగం కుళ్ళి గొట్టాల్లా ఉన్నాయి. చెట్టు ఉన్నప్పుడు కట్టని పట్టుకుంటుంది, చచ్చాక ఆ వేళ్ళే నీళ్ళకి పైపులు.

మార్చి 30, ఉగాది

పని లేదు. షెడ్డులో మాత్రం ఒక గంట కూర్చుని కొత్త పైపుకి కాలర్లు చేశాను. పీవీసీ వద్దని ఆరంగుళాల ఇనుప పైపు తీసుకున్నాం. మూడడుగుల చదరపు రేకుకి మధ్యలో రంధ్రం కోసి, పైపు చుట్టూ నిండుగా వెల్డు పెట్టాను. అలాంటివి రెండు. పైపు వెంబడి వచ్చే నీళ్ళు ఈ రేకు దగ్గర ఆగి చుట్టూ తిరిగి పోవాలి. ఈ డైరీ మొత్తంలో నాకు పూర్తిగా తెలిసిన పని ఇదొక్కటే కాబట్టి చెప్తున్నా, వెల్డు బాగా కుదిరింది.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

పొద్దున పానకం తాగి మట్టి మొదలుపెట్టాం. పద్ధతి ఇది. 20 సెంటీమీటర్ల మందాన మట్టి పరవడం, గడ్డలు కొట్టడం, నీళ్ళు చల్లడం, ట్రాక్టర్ చక్రాలతో తొక్కించడం, అంచుల దగ్గర అద్దెకి తెచ్చిన రామర్‌తో, అంటే మట్టి కుదించే చిన్న యంత్రంతో కొట్టడం. 20 కాస్తా 15 అవ్వాలి. అప్పుడు పైన గీతలు గీరి, నీళ్ళు చల్లి, తర్వాతి పొర. గీరకపోతే రెండు పొరల మధ్య నున్నటి పలక తయారవుతుంది, నీళ్ళకి అదే రోడ్డు.

నీళ్ళు ఎంత చల్లాలన్నది అసలు కిటుకు. పిడికిట్లో మట్టి పిసికి ఉండ చేసి, నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలవ్వాలి. పొడి పొడిగా రాలితే నీళ్ళు చాలలేదు. పచ్చడిలా చదునైతే ఎక్కువైంది. మేస్త్రి ఉండ కూడా చేయడు, పాదం ఆనించి చెప్పేస్తాడు. పూర్వం చెరువు కట్టలు వేసేటప్పుడు గొర్రెల మందల్ని తోలేవారట, చిన్న గిట్ట లోతుగా దిగి మట్టిని అడుగు నుంచి బిగిస్తుందని. ఇప్పుడు పెద్ద పనుల్లో వాడే షీప్‌ఫుట్ రోలర్ పేరులోనే గొర్రె ఉంది, దాని మీద బొడిపెలు ఆ గిట్టల్లాంటివే.

పైపు చుట్టూ మాత్రం యంత్రం పెట్టనివ్వలేదు. దిమ్మిసతో చేత్తోనే, రెండు వైపులా సమానంగా. దిగువ చివర మూడో వంతు పొడవు పైపు చుట్టూ ఇసుక నింపాం. ఎంత జాగ్రత్త పడ్డా పైపు వెంబడి కాస్త నీరు వస్తే, ఆ ఇసుక నీటిని పోనిచ్చి మట్టిని పట్టేస్తుంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

కోపంగా రాస్తున్నా. నేను షెడ్డులో ఉన్న రెండు రోజుల్లో ట్రాక్టర్ వాళ్ళు త్వరగా అయిపోతుందని రెండేసి అడుగుల మందం ఒకేసారి పోసి, పైన మాత్రం చక్రం తిప్పి చదును చేసేశారు. పైనుంచి చూస్తే సిమెంటు గచ్చులా ఉంది. ఇనుప చువ్వ గుచ్చితే నాలుగంగుళాలు గట్టి, తర్వాత సర్రున దిగిపోయింది. డ్రైవరు "కూర్చుంటుందిలే అన్నా, రెండు వానలకి" అన్నాడు. కూర్చునేది ఒక పక్కే కూర్చుంటే బీట. ఇరవై ట్రిప్పుల మట్టి పక్కకి లాగించి మళ్ళీ పరిపించాను. మామిడి కాయల కోత మొదలైంది, నున్న మార్కెట్‌కి తోలే కిరాయిలు ట్రాక్టర్లని పిలుస్తున్నాయి, నా మీద వాళ్ళకి చిరాకు. న్యాయమే.

ఏప్రిల్ 20

మొన్న రాత్రి గాలివాన. పరిచి తొక్కించని ఒక పొర పేస్టు అయిపోయింది. ఎండేదాకా ఆగుదామన్నాడు బాబాయి. మేస్త్రి ఒప్పుకోలేదు, తీసిపారేయించాడు. రెండు ట్రక్కుల బురద. అప్పటినుంచి సాయంత్రం పని ఆపేముందు పొరని కాస్త వెనక్కి వాలుగా పెట్టి, నీళ్ళు జారిపోయేలా వదులుతున్నాం.

మే 4

కట్ట పూర్తి. 118 ట్రిప్పులు. కూర్చోవడానికని మధ్యలో నాలుగంగుళాలు ఎత్తు ఉంచాం.

మే 11, 18, 25

రాతి పని. మేస్త్రి రోజులు ఇవి.

దిగువ పాదం దగ్గర మీటరు వెడల్పున రాళ్ళ కుప్ప, ఊరికే పోసింది కాదు. కట్ట మట్టికి ఆనుకుని ఇసుక, తర్వాత 20 ఎంఎం కంకర, తర్వాత 40, ఆఖరున పెద్ద రాయి. ప్రతి పొరా తన వెనకున్నదాని రేణువుల్ని ఆపేంత సన్నగా, నీటిని వదిలేంత ముతకగా ఉండాలి. కట్టలోకి ఊరిన నీరు ఇక్కడికి దిగి తేటగా బయటికి పోతుంది. ఊటని పూర్తిగా ఆపాలని నేను మొదట అనుకున్నాను. ఏ మట్టి కట్టా పూర్తిగా ఆపదు, నీరు ఎక్కడ బయటపడాలో మనం చెప్పాలి, దానితో మట్టి పోకుండా చూడాలి.

లోపలి వైపు అల తగిలే పట్టీలో రాతి తాపడం. పేరేచర్ల వైపు నుంచి రెండు లారీల రాయి. పలకల్లా పరిచేస్తాడేమో అనుకున్నా. మేస్త్రి ప్రతి రాయినీ నిలబెట్టాడు, పొడుగు వైపు కట్టలోకి, చిన్న ముఖం బయటికి. సందుల్లో చిప్పలు బిగించి సుత్తితో కొట్టాడు. రాళ్ళ కింద ఐదంగుళాల కంకర. అది లేకుండా రాయి పరిస్తే, అల వెనక్కి పోయేటప్పుడు సందుల్లోంచి మట్టిని పీల్చేస్తుందట. కొన్నాళ్ళకి రాళ్ళు పైకి బాగానే కనిపిస్తాయి, కింద బోలు.

జూన్ 1

అలుగు. కొత్త మట్టి మీద కాదు, కట్ట చివర గట్టి నేలలో, 3 మీటర్ల వెడల్పు, కట్ట పైకంటే అరమీటరు కిందికి. అడుగు ఎత్తున నీరు దీని మీదుగా పోతే సెకనుకి 800 లీటర్ల పైన. పైన ఉన్న ఆరెకరాల వాలు నీటికి సరిపోతుంది. కింద రాళ్ళు పరిచి పక్క బోదెలోకి కలిపాం. కట్ట వెనక వాలుకి గరిక, అంచున వట్టివేరు నాటాం. మామిడి మొక్కలు పెడదామని పిన్ని అడిగింది. తుమ్మ మొద్దు చూపించాను.

సెప్టెంబరు 21

చెరువు ముప్పాతిక నిండింది. దిగువ రాళ్ళ దగ్గర ఊట. లీటరు సీసా పెడితే నిండడానికి 35 సెకన్లు. నీరు తేటగా ఉంది. బాబాయికి టెన్షన్, సిమెంటు పూద్దామంటాడు. బయటపడే చోటు మూసేస్తే నీరు కట్టలోనే ఎత్తు పెరిగి ఇంకెక్కడో పొడుచుకొస్తుందని చెప్పి ఆపాను. వారం తర్వాత అదే మట్టానికి 44 సెకన్లు.

అక్టోబరు 29, బుధవారం

మొంథా తుఫాను నిన్న రాత్రి తీరం దాటింది. పొద్దున సెలవు పెట్టి వెళ్ళాను. అలుగు మీద నాలుగంగుళాల నీరు నెమ్మదిగా పోతోంది. మొదటిసారి చూడటం, కాసేపు అలా నిలబడిపోయాను. కొత్త 18 మీటర్లు బాగుంది. పాత కట్ట, మేం ముట్టుకోని వైపు, పాదం దగ్గర ఒక రంధ్రంలోంచి బొటనవేలంత ధార. రంగు టీలా ఉంది.

రంగు నీళ్ళంటే మట్టి పోతున్నట్టే. ముందు పైపు తెరిచి చెరువు మట్టం తగ్గించడం మొదలుపెట్టాను. మిగిలిన ఇసుక రంధ్రం చుట్టూ చాపలా వేసి, పైన కంకర, ఆ పైన రాళ్ళు. మొదటి రెండు తట్టల ఇసుకని ధార ఎగరగొట్టేసింది. అప్పుడు ముందు కంకర వేసి ధార జోరు విరిచి, దాని మీద ఇసుక, మళ్ళీ కంకర, రాయి వేశాం. బుడమేరు దగ్గర పెద్ద రాళ్ళతో చేసింది ఇక్కడ తట్టలతో. సాయంత్రం నాలుగింటికి నీరు తేటపడింది. ధార ఆగలేదు, రంగు ఆగింది.

నవంబరు 2

మట్టం తగ్గాక లోపలి వైపు తవ్వాం. ఎండ్రకాయ బొక్క. నాలుగడుగులు పోయి, ఒక ఎలుక కలుగుని కలుపుకుని అవతలికి తేలింది. ఎండ్రకాయ లోపలే ఉంది, మేస్త్రి పట్టుకుని గోనెసంచిలో వేసుకున్నాడు. మొత్తం తెరిచి రేగడి పొరలు పొరలుగా దిమ్మిసతో కొట్టి మూశాం. కొత్త భాగం దగ్గర సీసా 48 సెకన్లు.

మిగిలిన 32 మీటర్ల పాత కట్ట పొడుగునా బాబాయి నడిచి వచ్చాడు.

"ఎన్ని ట్రిప్పులు పడతాయిరా?"

"రెండొందల దాకా."

ఆయన ఏమీ అనలేదు. ఫోన్ తీసి ట్రాక్టర్ వాళ్ళకి చేసి, మామిడి కోత మొదలయ్యేలోపే, ఫిబ్రవరికే రావాలని చెప్పాడు.